మందు తాగిన పది రోజులకే మళ్లీ దవడ కింద నీరు

ప్రశ్న: మా మందలో అరవై గొర్రెలు, పాతిక మేకలు ఉన్నాయి. రెండు నెలలకోసారి తప్పకుండా నట్టల మందు వేస్తాం. ఎప్పుడూ ఆల్బెండజోలే, గొర్రెకైనా మేకకైనా తలా 10 మి.లీ. అయినా ఈ వానల్లో నెల తిరక్కుండా నాలుగు జీవాలు చనిపోయాయి. మూడింటికి దవడ కింద నీళ్ల సంచిలా వేలాడింది. పారుడు లేదు, పెంటికలు గట్టిగానే వేస్తున్నాయి, చివరి రోజు దాకా మేశాయి. మందు తాగించిన పది రోజులకే ఇంకో గొర్రెకు వాపు వచ్చింది. మందు నకిలీదంటారా? మోతాదు పెంచమంటారా, నెలకోసారి వెయ్యమంటారా? లేక కొత్త మందేదైనా ఉందా? ఇంకో సంగతి. రెండు నెలల పిల్లలు కొన్ని పలచగా నల్లగా పారుతున్నాయి, తోకలు తడిసి అట్టకట్టాయి. వీటికీ ఇదే మందా? పెంటలో బియ్యపు గింజల్లాంటివి కూడా కనబడుతున్నాయి.

జవాబు: మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను: "పారుడు లేదు". కడుపులో పురుగులుంటే పారాలి కదా అని చాలామంది అనుకుంటారు. పారడం లేదు కాబట్టి పురుగులు కావని మందు ఆలస్యం చేస్తారు, ఈలోగా జీవం పోతుంది. పెంటికలు గట్టిగా ఉండి, కళ్లు పాలిపోయి, దవడ కింద నీరు దిగిందంటే నేను మొదట అనుమానించేది రక్తం పీల్చే పురుగును. దాని పేరు హిమాంకస్. గొర్రె, మేకల నాలుగో పొట్టలో ఉంటుంది. ఆడ పురుగు రెండు మూడు సెంటీమీటర్ల పొడవు, దారప్పోగంత లావు. పీల్చిన రక్తంతో ఎర్రబడ్డ పేగు చుట్టూ తెల్లటి గర్భసంచి మెలి తిరిగి ఉంటుంది కాబట్టి ఎరుపు తెలుపు దారాలు కలిపి పేనినట్టు కనిపిస్తుంది.

ఈసారి ఏదైనా చనిపోతే (చనిపోకూడదనే కోరుకుందాం) గంటలోపే కోయించి నాలుగో పొట్ట చూడమనండి. లోపలి ముడతల మీద ఎర్రటి వెంట్రుకలు కదులుతున్నట్టు ఉంటాయి. ఆలస్యమైతే అవి కుళ్లిపోయి కనబడవు, "కోసి చూశాం, పురుగుల్లేవు" అనుకుంటారు.

ఇక లెక్క చూడండి. ఒక్కో పురుగు వల్ల రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం పోతుంది. అదెంతలే అనిపిస్తుంది. పొట్టలో 5,000 పురుగులుంటే రోజుకు 250 మి.లీ. ముప్పై కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమే రెండు లీటర్ల లోపు. అందులో ఎనిమిదో వంతు ఒక్క రోజులో పోతుంటే ఎన్నాళ్లు నిలబడుతుంది? రక్తంతో పాటు మాంసకృత్తులు పోతాయి. అవి తగ్గితే రక్తనాళాల్లో నీరు నిలవదు, బయటికి ఊరుతుంది. రోజంతా తల వంచుకుని మేసే జంతువు కాబట్టి ఆ నీరు దవడ కిందికి చేరుతుంది. సాయంత్రం మంద ఇంటికి వచ్చేసరికి వాపు పెద్దగా ఉండి, తెల్లారేసరికి తగ్గినట్టు కనిపించడానికి కారణం ఇదే. పొద్దున చూసి తగ్గిందిలే అని ఊరుకోకండి.

దవడ కింద నీరు దిగిన ప్రతిదీ హిమాంకస్ కాదు. చెరువు గట్లు, కుంటలు, మడుగుల పక్కన మేసే మందల్లో కార్జపు జలగల వల్ల కూడా ఇలాగే పాలిపోతాయి, ఇలాగే వాపు వస్తుంది. నత్తలున్న నీటి పట్టున మేపుతున్నారో లేదో మీరు రాయలేదు. మేపుతుంటే పెంటికల పరీక్షకు పంపేటప్పుడు "జలగ గుడ్లు కూడా చూడండి" అని ప్రత్యేకంగా అడగండి. మామూలుగా ఉప్పునీటిలో తేల్చి చూసే పద్ధతిలో జలగ గుడ్లు దొరకవు. అవి బరువైనవి, అడుగుకు దిగుతాయి. ఆల్బెండజోల్ ఎదిగిన కార్జపు జలగల మీదే పనిచేస్తుంది, పిల్ల జలగలను ఏమీ చేయదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మందు నకిలీదా? కావచ్చు, ముందుగా అనుమానించాల్సింది మాత్రం అది కాదు. మీరు వేసే కొలతను చూద్దాం. సీసా మీద 2.5 శాతం అని ఉంటే 10 మి.లీ.లో 250 మి.గ్రా. మందు ఉంటుంది. గొర్రెకు కిలో బరువుకు 7.5 మి.గ్రా. చొప్పున చూస్తే అది 33 కిలోల జీవానికి సరిపోతుంది. మీ పొట్టేలు 45 కిలోలుంటే దానికి చాలలేదు. మేకల సంగతి ఇంకా అధ్వానం. మేక శరీరం ఈ మందులను గొర్రె కన్నా తొందరగా విరిచి బయటికి పంపేస్తుంది. అందుకే మేకకు ఆల్బెండజోల్ కిలోకు 10 మి.గ్రా. పడాలి. 35 కిలోల మేకకు 14 మి.లీ. కావాలి, మీరు పోసింది 10. ఐవర్‌మెక్టిన్ తాగించినా మేకకు గొర్రె మోతాదుకు రెట్టింపు, లెవమిసోల్ అయితే ఒకటిన్నర రెట్లు. లెవమిసోల్ దగ్గర జాగ్రత్త, దానికి మోతాదుకూ విషానికీ మధ్య దూరం తక్కువ, తూకం వేయకుండా అంచనాతో పోయకండి.

తక్కువ మోతాదు పోస్తే పురుగులు సగం చస్తాయి, సగం బతుకుతాయి, అంతేగా అనుకోవద్దు. బతికేవి ఏవి? ఆ మందును కొద్దో గొప్పో తట్టుకోగలిగేవి. అవే గుడ్లు పెడతాయి. ఒక ఆడ హిమాంకస్ రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. ఒక్క గొర్రెలో ఐదు వందల ఆడ పురుగులు మిగిలినా రోజుకు పాతిక లక్షల గుడ్లు మీ బీడులో పడుతున్నట్టు. ఏళ్ల తరబడి ఒకటే మందు, అదీ అరకొరగా, మంద మొత్తానికి పోస్తూ వచ్చారు. నా అంచనాలో ఇప్పుడు మీ మందలో ఉన్నవి ఆల్బెండజోల్‌కు చలించని పురుగులు. మోతాదు ఇంకా పెంచినా, నెలకోసారి వేసినా అవే మిగులుతాయి, ఇంకా బలంగా.

అంచనా అన్నాను కాబట్టి రుజువు చూసుకునే దారి కూడా చెబుతాను. పది పదిహేను జీవాలకు చెవి నంబర్లు రాసుకుని, పెంటికలు నేల మీంచి కాకుండా నేరుగా ఆసనం నుంచి తీసి, గుడ్ల లెక్కకు పంపండి. అదే రోజు వాటికి బరువు తూచి సరైన మోతాదు తాగించండి. పద్నాలుగో రోజు అవే జీవాల పెంటికలు మళ్లీ పంపండి. మొదట సగటున గ్రాముకు 1,800 గుడ్లు ఉండి, తర్వాత 620 ఉన్నాయనుకోండి, తగ్గింది 66 శాతమే. 95 శాతం తగ్గకపోతే ఆ మందు మీ మందలో పని చేయడం మానేసినట్టే. మందు సరుకు మంచిదేనా అన్న అనుమానం కూడా అప్పుడే తీరాలి కాబట్టి పరీక్షకు కొత్త సీసా, గడువు చూసి, వేరే కంపెనీది వాడండి.

గుడ్ల లెక్క పెద్ద విద్యేమీ కాదు. రెండు గ్రాముల పెంటికలు, 28 మి.లీ. చిక్కటి ఉప్పునీళ్లు, వడకట్టడానికి ఒక జల్లెడ, గీతలున్న మెక్‌మాస్టర్ గాజు పలక, ఒక మైక్రోస్కోప్. రెండు గదుల్లోనూ కనిపించిన గుడ్లను 50తో గుణిస్తే గ్రాముకు ఎన్నో వస్తుంది. చదువుకునే పిల్లలకు ఒక పూట నేర్పితే చేసేస్తారు.

కొత్త మందు ఉందా అని అడిగారు. మందుల షాపులో పేర్లు బోలెడు, వర్గాలు మాత్రం కొన్నే. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఒకే వర్గం. ఒకటి పని చేయకపోతే రెండోదీ చేయదు. సీసా మారింది కదా అని మందు మారిందనుకుంటే మోసపోయేది మనమే. లెవమిసోల్ వేరే వర్గం. ఐవర్‌మెక్టిన్, డోరామెక్టిన్, మోక్సిడెక్టిన్ ఇంకో వర్గం. రక్తం పీల్చే పురుగులకూ జలగలకూ మాత్రమే పనికొచ్చే క్లోసాంటెల్ వేరు, అది మోతాదు మించితే జీవం చూపు పోతుంది. కొత్తది వస్తే గండం గడుస్తుందన్న ఆశ కూడా పాతదే. థయాబెండజోల్ 1961లో వచ్చినప్పుడు అద్భుతమన్నారు, మూడేళ్లకే 1964లో దాన్ని తట్టుకునే హిమాంకస్ కనబడింది. మోనెపాంటెల్ అనే సరికొత్త వర్గం 2009లో న్యూజీలాండ్‌లో మార్కెట్లోకి వచ్చింది, 2013 నాటికి అక్కడి మేకల్లోనే అదీ పని చేయలేదని తేలింది.

ఈ పాపంలో మా పశువైద్యుల వాటా తక్కువేం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఊరూరా చెప్పినవాణ్నే: "మంద మొత్తానికి ఒకేరోజు మందు పట్టండి, మర్నాడే మేయని కొత్త బీడుకు తోలండి" అని. వినడానికి ఎంత శుభ్రంగా ఉందో చూడండి. కడుపు శుభ్రం, బీడు శుభ్రం. జరిగేది వేరు. మందుకు చావని నాలుగు పురుగులు జీవాల కడుపులో ఆ కొత్త బీడుకు వెళతాయి. అక్కడ వాటికి పోటీ లేదు. పడే ప్రతి గుడ్డూ మొండి పురుగుదే. అదే బీడులో మందు ఎరగని మామూలు పురుగుల పిల్లలు కూడా ఉంటే, వాటితో కలిసి ఆ మొండితనం పలచబడేది. కొన్ని పురుగులను మందు తగలకుండా వదిలేయడం మనకే మంచిదన్న మాట నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ని.

మందలో పురుగులు అన్ని జీవాల్లోనూ సమానంగా ఉండవు. సుమారు ఇరవై ముప్పై శాతం జీవాల పెంటికల్లోనే ఎనభై శాతం పురుగు గుడ్లు పడుతుంటాయి. మీ ఎనభై అయిదింటిలో ఓ ఇరవై పాతిక అన్నమాట. వాటిని పట్టుకుని వాటికే మందు వేయాలి. ఎలా పట్టుకోవాలి? హిమాంకస్ విషయంలో కన్ను చెబుతుంది.

జీవాన్ని ఎండలోకి తెచ్చి నిలబెట్టండి. ఒక చేతి బొటనవేలితో పై రెప్పను కిందికి మూయండి. మూసిన రెప్ప మీదుగానే కనుగుడ్డును మెల్లగా లోపలికి నొక్కండి. రెండో చేతి బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగండి. లోపలి పొర టక్కున బయటికి ఉబుకుతుంది. ఒక్క క్షణమే చూడండి. ఎక్కువసేపు పట్టుకుంటే రక్తం చేరి ఎర్రబడి మోసం చేస్తుంది. రెండో కన్నూ చూసి, ఎక్కువ పాలిపోయిన దాన్నే లెక్కలోకి తీసుకోండి. దీనికి ఐదు రంగుల కార్డు ఉంది, ఫమాచా అంటారు. దక్షిణాఫ్రికా పశువైద్యుడు ఫాఫా మలాన్ పేరులోంచి, చార్టు అన్న మాటలోంచి అక్షరాలు తీసుకుని పెట్టిన పేరు అది. నిండు ఎరుపు ఒకటి, కాగితంలా తెలుపు ఐదు. నాలుగు, ఐదు వచ్చిన వాటికి ఆ క్షణమే మందు. మూడు వస్తే పిల్లలకు, మేకలకు, చూడివాటికి, ఈనిన తల్లులకు, చిక్కిన వాటికి మందు, పుష్టిగా ఉన్న పెద్ద గొర్రెలను వదిలేసి రెండు వారాల్లో మళ్లీ చూడొచ్చు. ఒకటి, రెండు వస్తే వదిలేయండి. ఎర్రగా ఉన్నదానికి "ఎందుకైనా మంచిదని" పోసే మందు దండగ మాత్రమే కాదు, హాని కూడా.

వెచ్చగా, తేమగా ఉన్న రోజుల్లో రెండు వారాలకోసారి ఇలా చూడాలి. ఎండు కాలంలో నెలకోసారి చాలు. చూసిన ప్రతిసారీ నంబరు, రంగు ఒక పుస్తకంలో రాయండి. ఏడాది తిరిగేసరికి ఏ గొర్రె ఎన్నిసార్లు మందు అడిగిందో కనబడుతుంది. మాటిమాటికీ అడిగేదాన్ని, దాని పిల్లలను మందలోంచి తీసేయండి. పురుగులను తట్టుకునే గుణం తల్లిదండ్రుల నుంచి వస్తుంది, అందుకే పొట్టేలును ఎంచేటప్పుడు కొమ్ములూ ఎత్తూ చూసినట్టే ఈ పుస్తకమూ చూడాలి.

ఒక హెచ్చరిక. కన్ను చెప్పేది రక్తం సంగతే. ట్రైకోస్ట్రాంజైలస్ లాంటి పురుగులు రక్తం తాగవు, పేగు పొరను పాడు చేసి పారుడు తెస్తాయి. వాటికి కన్ను ఎర్రగానే ఉండి జీవం చిక్కిపోతుంది. కాబట్టి తోక తడి, వెన్ను మీద చేయి వేస్తే తగిలే ఎముక కూడా చూడాలి.

మీరు ఇప్పుడు చేయాల్సింది: ఇవాళే ఎనభై అయిదింటి కళ్లూ చూడండి. నాలుగు, ఐదు వచ్చిన వాటికి, దవడ కింద నీరున్న వాటికి ఆల్బెండజోల్ వద్దు. మీ పశువైద్యుణ్ని అడిగి వేరే వర్గం మందు వేయించండి. రెండు వర్గాల మందులను ఒకే రోజు, ఒక్కోదాన్ని పూర్తి మోతాదులో, విడివిడిగా తాగించడం ఇలాంటి చోట మేలు, ఒకదాన్ని తప్పించుకున్నది రెండోదానికి చిక్కుతుంది. ఆ జీవాలను పరిగెత్తించకండి, దూరం తోలకండి. రక్తం లేని జంతువు నాలుగు అడుగులు ఉరికినా కూలిపోతుంది. మందు వేసేందుకు తరిమి పట్టుకోవడంలో చచ్చినవాటిని చూశాను. నీడన ఉంచి, పచ్చిమేతతో పాటు మాంసకృత్తులున్న దాణా పెట్టండి. పురుగు పోయినా రక్తం మళ్లీ పట్టడానికి వారాలు పడుతుంది.

మందు పోయడంలోనూ ఒక కిటుకుంది. పెదవి పక్కన పోస్తే ఒక్కోసారి గుటక మారి పెద్ద పొట్టలో పడకుండా నేరుగా ముందుకు పోతుంది, మందు ప్రభావం తొందరగా అయిపోతుంది. గొట్టం నాలుక మొదట్లోకి పెట్టి మెల్లగా పోయండి, తల మరీ పైకెత్తకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆల్బెండజోల్, ఐవర్‌మెక్టిన్ లాంటివి వేసే ముందు రాత్రి మేత ఆపితే మందు కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. నిండు చూడివాటికి, నీరసించిన వాటికి మాత్రం పస్తు పెట్టొద్దు. ఆల్బెండజోల్‌ను కట్టిన మొదటి నెలలో వేయకూడదు, పిల్ల అవకరంతో పుట్టవచ్చు. మందు వేసిన జీవం మాంసం, పాలు ఎన్నాళ్లు వాడకూడదో సీసా మీద చూసుకోండి. మేకలకు మోతాదు పెంచినప్పుడు ఆ గడువూ పెరుగుతుంది, అది డాక్టరునే అడగండి.

మేత దగ్గరికి వస్తే, మీ పురుగుల్లో ఎక్కువ భాగం కడుపులో కాదు, గడ్డి మీద ఉంది. పెంటికల్లో పడ్డ గుడ్డు వెచ్చటి తేమలో వారం లోపే అంటుకునే పిల్ల పురుగవుతుంది. మంచు తడి పట్టుకుని గడ్డి పోచ ఎక్కుతుంది, ఎక్కువ భాగం అడుగు నుంచి మూడంగుళాల లోపే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున మంచులో మేపొద్దు, గడ్డిని నేలకంటా కొరికించొద్దు. నాలుగంగుళాలు ఉండగానే మందను మార్చేయండి. ఈ దశలో పిల్ల పురుగు ఏమీ తినదు, ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే బతుకుతుంది. వేడి ఎక్కువైతే అది తొందరగా ఖర్చైపోయి చస్తుంది, చలిలో నెలల తరబడి నిలుస్తుంది. వేడి, తేమ ఉండే చోట బీడును పది ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో మూడున్నర రోజులు మేపి, మళ్లీ నెల రోజులకు గానీ అక్కడికి రాకుండా తిప్పితే పురుగు భారం బాగా తగ్గుతుంది. అంత భూమి లేకపోతే పశువులను ముందు మేపండి, అవి గొర్రె పురుగులను చాలా వరకు తిని జీర్ణం చేసుకుంటాయి. మేకలకు మాత్రం పొదలూ కొమ్మలూ దొరికే చోటు చూపండి. మేక స్వతహాగా తలెత్తి ఆకు మేసే జంతువు. నేల గడ్డికి దించితే గొర్రె కన్నా త్వరగా పురుగుల పాలవుతుంది.

ఈనే ముందు రెండు వారాల నుంచి ఈనిన రెండు నెలల దాకా తల్లికి పురుగులను అణిచే శక్తి తగ్గుతుంది, గుడ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. పిల్లలు మేత మొదలుపెట్టేది సరిగ్గా ఆ పెంటికల మధ్యే. ఈ రోజుల్లో తల్లుల కళ్లు తరచుగా చూడండి, దాణా పెంచండి.

పిల్లల పారుడు వేరే కథ. రెండు నెలల వయసు, నల్లటి పలచటి పెంట, తడిసిన తోకలు అంటే నాకు కాక్సిడియా అనిపిస్తోంది. అది పురుగు కాదు, కంటికి కనబడని ఏకకణ జీవి. నట్టల మందు ఏదీ దానికి పని చేయదు. ఆంప్రోలియం, సల్ఫా మందులు, టోల్ట్రాజురిల్ లాంటివి డాక్టరు చూసి ఇస్తారు, ఆలస్యమైతే పేగు దెబ్బతిని పిల్ల ఎదగదు. దొడ్డి తడిగా, ఇరుకుగా ఉండటమే దానికి బలం. మేత తొట్టి, నీళ్ల తొట్టిలో పిల్లలు కాళ్లు పెట్టకుండా ఎత్తు చేయండి, కింద పొడిగా ఉంచండి. బియ్యపు గింజలు బద్దె పురుగు ముక్కలు. కంటికి కనబడతాయి కాబట్టి అందరినీ భయపెట్టేవి అవే, చేసే నష్టం మాత్రం తక్కువ. వాటికోసం ఇప్పుడు కంగారు వద్దు.

ఆకు పసర్లు అడగలేదు గానీ ఎవరో ఒకరు మీకు చెబుతారు. వేప, వెల్లుల్లి పెట్టినా కళ్లు చూడటం మానకండి. కన్ను తెల్లబడిన జీవానికి పసరు పోసి వారం ఆగితే అది ఉండదు.

కొత్త జీవాలను కొంటే నేరుగా మందలో కలపొద్దు. విడిగా కట్టి, రెండు మూడు వర్గాల మందులు ఒకేసారి తాగించి, రెండు రోజులు దొడ్లోనే ఉంచి, రెండు వారాల తర్వాత పెంటికల్లో గుడ్లు లేవని చూశాకే కలపండి. దొడ్లో పడ్డ ఆ రెండు రోజుల పెంటికలను ఊడ్చి, మందను తోలని చోట వేయండి.

మొదటి పెంటికలు పంపిన రోజే క్యాలెండర్లో పద్నాలుగో రోజుకు గుర్తు పెట్టుకోండి. రెండోసారి పంపేటప్పుడు సంచి మీద అవే చెవి నంబర్లు ఉండాలి, చెమ్మ తగలని పెన్నుతో రాయండి, పంపేదాకా చల్లటి చోట పెట్టండి, ఎండలో పెడితే గుడ్లు దారిలోనే పొదిగిపోయి లెక్క తప్పుతుంది.